చలిలో సీఓటూ: పెయింట్‌బాల్ మైదానంలో నేర్చుకున్న పాఠాలు

మిషిగన్‌లో నవంబరు దాటాక మైదానానికి వచ్చే పిల్లలూ, వాళ్లను కారులో దింపే నాన్నలూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ట్యాంక్ నిండుగా ఉంది తాతగారూ, తూకం కూడా వేయించాం. అయినా బాల్ సగం దూరంలోనే పడిపోతోంది. గన్ పాడైందా?" చాలాసార్లు గన్‌కు ఏమీ కాదు. దానికి అందాల్సిన వేడి అందడం లేదు, అంతే. సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్, వేడితో బతికే గ్యాస్. వేడి అందకపోతే పనిచేయదు, బలవంతంగా పనిచేయించబోతే ప్రమాదం తెస్తుంది. శీతలీకరణ యంత్రాల మధ్య ఉద్యోగమంతా గడిపినవాణ్ని, రిటైరయ్యాక మనవళ్ల వెంట మైదానానికి వెళ్లి గ్యాస్ నింపే బల్ల దగ్గర సాయం చేస్తున్నవాణ్ని. అక్కడ చూసినవీ, చదువు వల్ల అర్థమైనవీ కలిపి ఈ పాఠాలు రాస్తున్నాను. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో ఈ ఆట ఆడే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ల చేతికి గన్ ఇచ్చే పెద్దవాళ్లు కూడా ఇవి చదవాలని నా కోరిక.

1. తూకం వేరు, బలం వేరు

సీఓటూ ట్యాంకులో ఉండేది చాలావరకు ద్రవం. దాని పైన కొంత ఖాళీ, ఆ ఖాళీలో ఆవిరి. గన్ వాడుకోవలసింది ఆ ఆవిరినే. ఆవిరి పీడనాన్ని నిర్ణయించేది ద్రవం ఎంత ఉందన్నది కాదు, ఎంత వెచ్చగా ఉందన్నది. లోపల కాస్త ద్రవం మిగిలినంతవరకు నిండు ట్యాంకులోనూ పావు ట్యాంకులోనూ ఒకే పీడనం ఉంటుంది. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఇక్కడి లెక్కలో 70 ఫారన్‌హీట్ దగ్గర, అది సుమారు 850 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. 10 డిగ్రీలకు 650. సున్నాకు 505. మైనస్ 10కి 385. మైనస్ 20కి 285. ఎండాకాలంలో ఆడిన గన్‌నే జనవరిలో బయటకు తీస్తే దానికి అందే బలం సగానికి పడిపోతుంది. గన్‌లో ఒక్క మర కూడా వదులు కాలేదు, ట్యాంకులో ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. అయినా బలం సగమే.

అందుకే సీఓటూ ట్యాంకుకు గేజ్ బిగించుకున్నా గ్యాస్ ఎంత మిగిలిందో అది చెప్పదు. మిగిలింది తెలియాలంటే తూకం వేయాలి. ఎంత బలం ఉందో తెలియాలంటే చలి ఎంతుందో చూసుకోవాలి.

దీనికి రెండో కొస కూడా ఉంది. 31.1 డిగ్రీలు దాటితే సీఓటూ ఎంత నొక్కినా ద్రవంగా ఉండదు. ఆ సందిగ్ధ ఉష్ణోగ్రతను బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ ఇదే గ్యాస్ మీద ప్రయోగాలు చేసి 1869లో లోకానికి వివరించాడు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎవరైనా ఎండలో సీఓటూ ట్యాంక్ పెట్టుకుని ఆడితే అందులో ద్రవమే మిగలదు. అక్కడ బాధ పీడనం పెరిగిపోవడం, ఇక్కడ బాధ పీడనం పడిపోవడం. గ్యాస్ ఒకటే, ఊరి వాతావరణం వేరు.

2. కొట్టే కొద్దీ ట్యాంక్ చల్లబడుతుంది

బయటి చలి ఒక్కటే అయితే దానికి తగ్గట్టు గన్ సర్దుకుని ఆడుకోవచ్చు. అసలు చిక్కు ఆట మధ్యలో వస్తుంది. ద్రవం ఆవిరవడానికి గుప్తోష్ణం కావాలి. సున్నా డిగ్రీల దగ్గర ఒక గ్రాము సీఓటూ ఆవిరవడానికి సుమారు 230 జౌళ్ల వేడి పడుతుంది. 20 ఔన్సుల ట్యాంకులో ఉండేది 567 గ్రాములు. దానితో వెయ్యి షాట్ల దాకా వస్తాయని ఆటగాళ్ల వాడుక లెక్క. అంటే షాట్‌కు అరగ్రాము పైచిలుకు. ఆ లెక్కన ప్రతి షాట్ ట్యాంకు నుంచి 120, 130 జౌళ్ల వేడి లాక్కుంటుంది. మూడు గ్రాముల బాల్ సెకనుకు 85 మీటర్ల వేగంతో బయటికి వెళ్తే దానిలో ఉండే శక్తి 11 జౌళ్లు మాత్రమే. బాల్‌కు అందినదానికి పదింతలకు పైగా ట్యాంక్ తన ఒంటి వేడిని వదులుకుంటోందన్న మాట.

ఆ వేడి ఎక్కడినుంచి రావాలి? ముందు ట్యాంక్ అల్యూమినియం గోడ నుంచి, మిగిలిన ద్రవం నుంచి. తర్వాత నెమ్మదిగా బయటి గాలి నుంచి. గబగబా వంద షాట్లు కొడితే నిండు ట్యాంక్ కూడా ఐదారు డిగ్రీలు చల్లబడుతుందని నా అంచనా. సగం ఖాళీ అయిన ట్యాంకులో ద్రవం తక్కువ, వేడి నిల్వా తక్కువ, కాబట్టి అది ఇంకా తొందరగా చల్లబడుతుంది. వేసవిలో ఐదారు డిగ్రీలు పోయినా పెద్దగా తెలియదు, పీడనం కావలసినంత ఉంటుంది. సున్నా దగ్గర మొదలుపెట్టినప్పుడు పోయిన ప్రతి డిగ్రీ బాల్ వేగంలో కనిపిస్తుంది.

మన పెళ్లి వంటల దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. పెద్ద పొయ్యికి కట్టిన గ్యాస్ సిలిండర్ అడుగున తెల్లగా మంచు పేరుకుంటుంది, లోపల గ్యాస్ ఇంకా ఉండగానే మంట తగ్గిపోతుంది. వంటవాళ్లు దాన్ని విప్పి పక్కన పెట్టి వేరేది బిగిస్తారు. కాసేపయ్యాక పక్కన పెట్టింది మళ్లీ మామూలుగా మండుతుంది. మైదానంలో చేయవలసింది కూడా సరిగ్గా ఇదే. రెండు ట్యాంకులు తెచ్చుకుని ఒక ఆటకొకటి మార్చుకోండి. పక్కన ఉన్నదాన్ని కోటు లోపల, ఒంటి వెచ్చదనంలో ఉంచుకోండి, కానీ మంచులా చల్లబడ్డ గన్‌కు అలాగే బిగించవద్దు, ఎందుకో నాలుగో పాఠంలో చెబుతాను. 9 ఔన్సుల ట్యాంక్ తేలికే కానీ చలిలో అది తొందరగా అలసిపోతుంది, 20 ఔన్సులదే మేలు. అన్నిటికన్నా ముఖ్యం, ఆగి ఆగి కొట్టడం. గురిచూసి కొట్టేవాడికి చలి పెద్ద శత్రువు కాదు. చూడకుండా కుమ్మరించేవాడి ట్యాంకునే అది ముందు పట్టుకుంటుంది.

3. గన్‌లోకి ద్రవం పోకూడదు

చలికాలంలో గన్ పాడయ్యేది ఎక్కువగా ఇందువల్లే. గన్ నోటినుంచి తెల్లటి పొగ, దాని వెంట మంచు పొడి రాలడం చూసి పిల్లలు కేరింతలు కొడతారు. అది ద్రవం గన్‌లోకి వచ్చిందనడానికి గుర్తు. ఒక గ్రాము ద్రవం బయటి గాలిలో అరలీటరుకు మించిన గ్యాస్ అవుతుంది. వాల్వ్ దాటి లోపలికొచ్చిన చుక్క అక్కడే ఉబ్బి బాల్‌ను ఉన్నట్టుండి ఎక్కువ వేగంతో నెడుతుంది. తర్వాతి షాట్‌కు ఆ చోటంతా గడ్డకట్టినంత చల్లగా ఉండి వేగం పడిపోతుంది. ఇలా ఒక బాల్ తల మీదుగా, ఇంకొకటి కాళ్ల దగ్గర. మిగిలిన ద్రవంలో కొంత, పీడనం బాగా తగ్గిన చోట గడ్డకట్టి పొడిమంచుగా మారుతుంది. బయటికి రాలే తెల్లపొడి అదే, దాని చలి మైనస్ 78 డిగ్రీలు. ఆ చలికి రబ్బరు రింగులు బిగుసుకుపోయి పగుళ్లిస్తాయి.

ద్రవం లోపలికి రాకుండా ఉండడానికి నాలుగు మార్గాలు. మొదటిది, గన్ నోరు నేలవైపు దించి నడవకపోవడం. ట్యాంక్ గన్ వెనక అడ్డంగా బిగించి ఉంటుంది. నోరు కిందికి వంచితే ట్యాంక్ వాల్వ్ కూడా కిందికి వంగి ద్రవం నేరుగా దానిలోకి జారుతుంది. పొదల్లో పాకేటప్పుడూ, గట్టు దిగేటప్పుడూ ఇది అందరూ మరిచిపోతారు.

రెండోది, యాంటీ సైఫన్ గొట్టం. ట్యాంక్ లోపల వాల్వుకు వంచిన చిన్న గొట్టం బిగిస్తే, ట్యాంక్ అడ్డంగా ఉన్నా అది పైభాగంలోని ఆవిరినే పీలుస్తుంది. కానీ ఆ గొట్టం వంపు పైకి ఉండాలంటే, ఆ ట్యాంకును ఏ గన్‌కు చూసి బిగించారో ఆ గన్‌కే వాడాలి. ఇంకో గన్‌కు బిగిస్తే మరలు వేరే చోట ఆగి గొట్టం కిందికి తిరగవచ్చు. అప్పుడు అది ఆవిరికి బదులు ద్రవాన్నే పీల్చి ఇస్తుంది. అన్నదమ్ములిద్దరూ ట్యాంకులు మార్చుకునే ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాలి.

మూడోది ఎక్స్‌పాన్షన్ చాంబర్. గన్‌కూ ట్యాంకుకూ మధ్య ఒక ఖాళీ గొట్టం, పొరపాటున వచ్చిన ద్రవం ఆవిరవడానికి చోటూ వేడీ ఇచ్చే గది. అయితే ఆ వేడి చుట్టుపక్కల లోహం నుంచే రావాలి, కాబట్టి గడ్డకట్టే చలిలో దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

నాలుగోది నాకు బాగా నచ్చినది, రిమోట్ లైన్. ట్యాంక్ నడుముకు, వాల్వ్ పైకి ఉండేలా కట్టుకుని, చుట్టలు చుట్టిన గొట్టంతో గన్‌కు కలుపుతారు. నిటారుగా ఉన్న ట్యాంకులో ఆవిరి ఎప్పుడూ పైనే ఉంటుంది, యాంటీ సైఫన్ అక్కర్లేదు. పైగా కోటు కింద కట్టుకుంటే ఒంటి వేడి ట్యాంకుకు అందుతూనే ఉంటుంది. గన్ కూడా తేలికవుతుంది, చిన్నపిల్లలకు చేతులు నొప్పి పుట్టవు. సున్నా డిగ్రీల చుట్టుపక్కల సీఓటూతోనే ఆడాలనుకునేవాళ్లకు రిమోట్ లైన్‌ను మించిన ఉపాయం నేను చూడలేదు.

4. వెచ్చని ట్యాంకును మంచులా చల్లబడ్డ గన్‌కు బిగించవద్దు

ఇది చాలామంది అనుభవజ్ఞులకు కూడా తెలియదు. కారు హీటర్ దగ్గర ట్యాంకును వెచ్చగా ఉంచి, డిక్కీలో రాత్రంతా చల్లారిన గన్‌కు దాన్ని బిగిస్తారు. వెచ్చని ట్యాంక్ నుంచి ఎక్కువ పీడనంతో వచ్చిన ఆవిరి చల్లని లోహానికి తగిలి మళ్లీ ద్రవమైపోతుంది. నిటారు ట్యాంక్, యాంటీ సైఫన్, ఏవీ దీన్ని ఆపలేవు, ఎందుకంటే ద్రవం పుట్టేది గన్ లోపలే. మొదటి నాలుగైదు షాట్లు విపరీతమైన వేగంతో పోయి తర్వాత గన్ చతికిలబడిందంటే కారణం చాలావరకు ఇదే. గన్‌నూ ట్యాంకునూ ఒకే చోట, ఒకే వెచ్చదనంలో ఉంచి తీసుకురండి. ట్యాంక్ గన్‌కన్నా కాస్త చల్లగా ఉంటే ఈ బెడద ఉండదు.

5. చిన్న గుళికలకు చొక్కా జేబే ఇల్లు

1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెనికర్ అడవిలో పన్నెండుమంది ఆడిన మొదటి పెయింట్‌బాల్ ఆటలో వాడిన నెల్‌స్పాట్ 007 పిస్టల్ ఈ చిన్న సీఓటూ గుళికతోనే నడిచేది. చెట్లకూ పశువులకూ రంగు గుర్తులు వేసుకోవడానికి చేసిన పనిముట్టు అది. 12 గ్రాముల ఆ గుళికలను పంప్ గన్‌ల వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. చిన్నది కనుక తొందరగా చల్లబడుతుంది, అంతే తొందరగా వేడెక్కుతుంది. లోపలి జేబులో పెట్టుకుని, వాడబోయే ముందు తీస్తే చాలు. షాట్‌కు షాట్‌కు మధ్య చేత్తో పంప్ లాగాలి కనుక ఆ గన్‌కు కోలుకునే సమయం దానంతటదే దొరుకుతుంది. చలిలో సీఓటూకు నప్పే గన్ ఏదంటే నేను పంప్ గన్ పేరే చెబుతాను.

6. పొద్దున చూసిన వేగం మధ్యాహ్నానికి చెల్లదు

దీని మీద నేను మెత్తగా మాట్లాడలేను. పొద్దున ఎనిమిదింటికి మైనస్ 5 ఉంటుంది. పిల్లవాడు బాల్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు కొట్టి చూస్తాడు. వేగం తక్కువ వస్తుంది. వేగం పెంచే మర తిప్పి సెకనుకు 280 అడుగులకు తెస్తాడు. ఒంటిగంటకు ఎండ కాసి 8 డిగ్రీలవుతుంది. ట్యాంక్ పీడనం దాదాపు 440 నుంచి 620కి ఎగబాకుతుంది. మర మాత్రం పొద్దున తిప్పిన చోటే ఉంది. ఇప్పుడు ఆ గన్ మైదానం పెట్టిన హద్దు దాటి కొడుతోంది, కొట్టేవాడికి ఆ సంగతి తెలియదు. ఆటంతటికీ పై హద్దుగా పాటించేది సెకనుకు 300 అడుగులు, చాలా మైదానాలు 280కే ఆపుతాయి. బాల్ దెబ్బలోని శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కనుక 280 కాస్తా 340 అయితే దెబ్బ దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. దగ్గర్నుంచి తగిలితే చర్మం చిట్లుతుంది. మాస్కులను తయారుచేసింది కూడా హద్దులోని వేగానికే.

సీఓటూ వాడేవాళ్లు ప్రతి ఆటకూ ముందు క్రోనోగ్రాఫ్ దగ్గరికి రావాలి. ఎండ వచ్చిన రోజు తప్పకుండా. చలి పేరుతో మరను బాగా పైకి తిప్పినవాళ్లు ఇంటికెళ్లాక దాన్ని వెనక్కి తిప్పి పెట్టండి. గరాజులో వెచ్చబడిన గన్‌ను వచ్చే వారం తమ్ముడు తీసుకోవచ్చు.

క్రోనోగ్రాఫ్ దగ్గర ఒక్క షాట్ చూసి తృప్తిపడకూడదు. ఆరు కొట్టండి. వాటి మధ్య తేడా ముప్పై నలభై అడుగులుంటే ద్రవం వస్తోందని అర్థం. సగటు చూసి మర తిప్పితే లాభం లేదు, ముందు మూడో పాఠం చూసుకోవాలి.

7. ట్రిగ్గర్ వదిలినా గన్ ఆగకపోతే

గ్యాస్ బలంతోనే వెనక్కి వెళ్లి మళ్లీ సిద్ధమయ్యే బ్లోబ్యాక్ గన్‌లు మన పిల్లల చేతుల్లో ఎక్కువ. వీటిలో సుత్తి ప్రతి షాట్‌కూ వెనక్కి వెళ్లి ఒక కొక్కేనికి తగులుకోవాలి. పీడనం చాలనప్పుడు అది కొక్కెం దాకా వెళ్లకుండా మధ్యలోంచే తిరిగొచ్చి వాల్వును మళ్లీ కొడుతుంది. గన్ తనంతట తానే టకటకా కొడుతూ పోతుంది. పిల్లలు గన్‌కు ఏదో పూనిందనుకుంటారు. కంగారు పడకండి. నోరు నేలవైపు, మనుషుల్లేని దిక్కుకు తిప్పండి, కాకింగ్ పిడిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించండి, బ్యారెల్‌కు ముసుగు తొడిగి, మైదానం బయటికి వచ్చి ట్యాంక్ విప్పండి. ట్యాంక్ వెచ్చబడ్డాక అదే గన్ చక్కగా పనిచేయవచ్చు. అప్పుడూ ఇలాగే చేస్తే కొక్కెం అరిగిందేమో చూపించాలి.

8. రింగు చిన్నదే, కానీ ప్రాణం దాని చుట్టూనే ఉంది

ట్యాంక్ మూతి దగ్గరుండే ఓ-రింగ్ మామూలు నల్ల రబ్బరుదైతే సీఓటూను పీల్చుకుని ఉబ్బుతుంది, చలికి గట్టిపడుతుంది. పాలీయురిథేన్ రింగులు దీన్ని బాగా తట్టుకుంటాయి. పది రింగులు జేబులో ఉంచుకోవడం ఖర్చేమీ కాదు. గన్ తయారీదారు చెప్పిన నూనె రెండు మూడు చుక్కలు వేయండి. ఇంట్లో తలుపు కీళ్లకు కొట్టే స్ప్రేలు వద్దు, వాటిలోని ద్రావకాలు రింగులను తినేస్తాయి.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఉబ్బిన రింగు వల్ల ట్యాంక్ గన్‌కు పట్టుకుపోతుంది. చేతులకు గ్లౌజులు, వేళ్లు మొద్దుబారి ఉంటాయి, బలమంతా పెట్టి తిప్పుతారు. తిరగవలసింది గన్‌కూ వాల్వుకూ మధ్య మర. కానీ వాల్వు గన్‌లోనే ఉండిపోయి, వాల్వుకూ ట్యాంకుకూ మధ్య మర ఊడితే ట్యాంక్ రాకెట్‌లా దూసుకుపోతుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయాయి. ట్యాంక్ వాల్వు మీదనుంచి ట్యాంక్ మెడ మీదికి గోళ్ల రంగుతో ఒక నిలువు గీత గీయండి. విప్పేటప్పుడు ఆ గీత రెండు ముక్కలుగా జరిగిందంటే వెంటనే ఆపండి, తిప్పడం మానేయండి. మనుషులను దూరం పంపి, తెలిసినవాళ్లకు అప్పగించండి. ప్రతి ఇంట్లో ఉండే సీసా, ఒక్క నిమిషం పని. గీత లేని ట్యాంక్ నా బల్ల దగ్గరికి వస్తే గీసి గానీ ముట్టుకోను.

9. వేడి కావాలని మంట దగ్గరికి తీసుకెళ్లవద్దు

చలికాగే మంట పక్కన ట్యాంక్ పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, మరిగే నీళ్లలో ముంచడం, కారు డ్యాష్‌బోర్డు మీద హీటర్ గాలికి వదిలేయడం, ఇవన్నీ చూశాను. ఒంటి వేడి చాలు, లేదంటే మామూలు గదిలో గంటసేపు చాలు. అంతకు మించి వద్దు.

దీని వెనకున్న లెక్క నింపే బల్ల దగ్గర మొదలవుతుంది. సీఓటూ ట్యాంకును అది పట్టే నీటి బరువులో 68 శాతం వరకే నింపాలి. 20 ఔన్సుల ట్యాంక్ లోపలి చోటు సుమారు 830 మిల్లీలీటర్లు, అందులో 567 గ్రాములే పోయడం అందుకే. కానీ సున్నా డిగ్రీల దగ్గర ద్రవం చిక్కగా ఉంటుంది, అదే చోటులో 770 గ్రాముల వరకు ఇరికించవచ్చు. చలిలో నింపేవాడు తూకం చూడకుండా వదిలేస్తే ట్యాంక్ గొంతు దాకా నిండిపోతుంది. చలిలో అది మామూలుగానే కనిపిస్తుంది. ఇంట్లో గదిలోకి తెచ్చాక ద్రవం వ్యాకోచించడానికి చోటుండదు, పీడనం వాల్వులో ఉండే రక్షణ పలక చిట్లే స్థాయికి చేరుతుంది. ఆ పలక పగలడం ట్యాంక్ పగలకుండా కాపాడడానికే. అయినా ఆ శబ్దం, ఆ చల్లని గ్యాస్ ధార పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. చలికాలంలో నింపిన ప్రతి ట్యాంకునూ తూకం మీద పెట్టించండి. ఎక్కువుంటే కాస్త వదిలేయమని నిర్మొహమాటంగా అడగండి.

చలి వేస్తోందని నింపే గది తలుపులు మూయవద్దు. సీఓటూ గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. గాలిలో 4 శాతానికి చేరితే ప్రాణాపాయం. తలనొప్పి, ఆయాసం మొదలైతే ముందు బయటికి రండి. పెద్ద సిలిండర్‌ను అద్దాలు మూసిన కారులో తీసుకెళ్లేవాళ్లకూ ఇదే మాట.

10. బాల్ కూడా చలికి మారుతుంది

బాల్ తొడుగు జెలటిన్. చలికి పెళుసెక్కి బ్యారెల్‌లోనే చిట్లుతుంది, లోపలంతా రంగు పూసుకుని తర్వాతి బాల్స్ వంకరపోతాయి. దీన్ని చూసి గ్యాస్ తప్పనుకునేవాళ్లున్నారు. డబ్బాను ఇంట్లో, గది వెచ్చదనంలో ఉంచి, ఆటకు కావలసినన్నే బయటికి తీయండి. చలికాలానికని చేసే బాల్స్ దొరుకుతాయి, ఆ రోజుల్లో అవే కొనండి. గడ్డకట్టిన బాల్స్‌ను ఎవరి మీదా కొట్టవద్దు.

11. మాస్కు

చలిలో ఊపిరి తగిలి అద్దం మసకబారుతుంది. తుడుచుకోవడానికి మాస్కు పైకెత్తడం ఆ మైదానంలో జరిగే అతి పెద్ద తప్పు. కన్ను పోతే తిరిగి రాదు. రెండు పొరల థర్మల్ అద్దం కొనండి, అది చాలావరకు మసకబారదు. అయినా మసకబారితే చెయ్యెత్తి, ఆట వదిలి, మైదానం చుట్టూ కట్టిన వలకు ఇవతలికి వచ్చి తుడుచుకోండి.

12. గడ్డకట్టే చలికి గాలి ట్యాంకే సరి

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక నా తీర్పు కూడా చెప్పాలి. సున్నాకు పైన, నెమ్మదిగా ఆడేవాళ్లకు సీఓటూ చాలు. సున్నా కిందికి వెళ్లాక, అందులోనూ వేగంగా కొట్టే గన్‌లకు, దానితో కుస్తీ పట్టడం దండగ.

అధిక పీడన గాలి ట్యాంకులో ద్రవం ఉండదు, ఆవిరవడమన్న బాధే లేదు. 20 డిగ్రీల నుంచి మైనస్ 10కి పడిపోతే లోపలి పీడనం పదో వంతు మాత్రమే తగ్గుతుంది. అదే పతనంలో సీఓటూ సగానికి మించి పోగొట్టుకుంటుంది. పైగా గాలి ట్యాంక్ 3000 లేదా 4500 పీఎస్‌ఐ దగ్గర నిండి ఉంటుంది, దాని రెగ్యులేటర్ గన్‌కు 800 దరిదాపుల్లో నిలకడగా అందిస్తుంది. కాబట్టి పదో వంతు తగ్గినా గన్‌కు తెలియదు, కొన్ని షాట్లు తగ్గుతాయంతే. మూతి మర ఒకటే కనుక సీఓటూతో నడిచే చాలా గన్‌లకు నేరుగా బిగుస్తుంది. దీనికున్న గేజ్ ఎంత మిగిలిందో నిజంగానే చెబుతుంది.

అయితే రెండిటినీ కలపవద్దు. సీఓటూ ట్యాంకులు 1800 పీఎస్‌ఐకి చేసినవి, వాటిలో 3000 గాలి నింపించబోవడం ఆత్మహత్యతో సమానం. అల్యూమినియం ట్యాంకుకు మామూలుగా ఐదేళ్లకోసారి నీటి పీడన పరీక్ష చేయించాలి. ఆ తేదీ ట్యాంక్ మెడ దగ్గర ముద్రించి ఉంటుంది. గడువు దాటిన ట్యాంకును మంచి మైదానం ఏదీ నింపదు, నింపుతానన్నవాడి దగ్గరికి మీరే వెళ్లవద్దు.

చలికాలం సెలవుల్లో పిల్లవాడికి ఇంకా పెద్ద గన్ కొనాలని చూస్తున్న అమ్మానాన్నలకు నా విన్నపం. ఆ డబ్బులో కొంత పెట్టి 3000 పీఎస్‌ఐ అల్యూమినియం గాలి ట్యాంక్ ఒకటి, రెండు పొరల అద్దమున్న మాస్కు ఒకటి కొనండి. ఇప్పుడున్న గన్ ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుంది.